బిడ్డ కోసం ప్రభుత్వం ఇచ్చే సాయాల్లో మీ ఇంటికి ఏది పనికొస్తుంది?

ఇద్దరు చాలని ముప్పై ఏళ్లు చెప్పిన ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమే ఇప్పుడు ఇంకొకరిని కనమంటోంది. ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్లు పంచాయతీ, మున్సిపల్ ఎన్నికల్లో నిలబడకూడదని 1994లో వచ్చిన నిబంధనను 2024 నవంబరులో శాసనసభ ఎత్తేసింది. ఎక్కువమందిని కనాలని ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు అంతకు నెల ముందే బహిరంగంగా అన్నారు. 1992-93 కుటుంబ ఆరోగ్య సర్వేలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో స్త్రీకి సగటున 2.6 మంది పిల్లలు. 2019-21 సర్వే నాటికి మన రాష్ట్రంలో అది 1.7. జనాభా తగ్గకుండా నిలబడాలంటే 2.1 దాకా ఉండాలి. పనిచేసే వయసువాళ్లు తగ్గి, ముసలివాళ్లు పెరుగుతారన్న బెంగ అందుకే.

గుంటూరు బ్రాడీపేటలో కూర్చుని చిన్న చిన్న సంస్థలకు పీఎఫ్ (ఉద్యోగుల భవిష్య నిధి), ఈఎస్‌ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) లెక్కలు చూస్తుంటాను. ఆ సంస్థల్లో పనిచేసే అమ్మాయిలు కాగితాల పని అయ్యాక కాసేపు కూర్చుని అడిగేది ఈ మధ్య ఒకటే. "అక్కా, రెండోవాళ్లని కంటే గవర్నమెంటు డబ్బులిస్తుందంట కదా, నిజమేనా? ఎంతొస్తుంది?" ఎంతొస్తుందన్నది సగం ప్రశ్నే. ఎప్పుడొస్తుంది, ఎన్నేళ్లు వస్తుంది, ఆ అమ్మాయి ఉద్యోగం నిలుస్తుందా అన్నది మిగతా సగం. ఆ సగాన్ని పట్టుకునే ఈ పోలిక రాస్తున్నాను.

ముందు ఒక లెక్క వేసుకోండి. నెలకు 18 వేలు సంపాదించే అమ్మాయి బిడ్డ కోసం మూడేళ్లు ఇంట్లో ఉండిపోతే పోయే జీతం 6,48,000 రూపాయలు. మూడేళ్ల తర్వాత అదే జీతానికి మళ్లీ ఎవరైనా తీసుకుంటారన్న భరోసా లేదు. పాలడబ్బా, డైపర్లు, టీకాలు, ఆసుపత్రి బిల్లు అందరూ లెక్కేస్తారు. తల్లి మానేసిన జీతాన్ని మాత్రం ఖర్చు కింద ఎవరూ రాయరు. నా అనుభవంలో మధ్యతరగతి ఇళ్లలో రెండో బిడ్డ ఆగిపోయేది ఎక్కువగా అక్కడే. కాబట్టి ఏ సాయాన్ని చూసినా ఈ ఆరున్నర లక్షల పక్కన పెట్టి చూడండి.

కాన్పుకి ఒక్కసారి వచ్చే డబ్బు

మన దగ్గర ఇప్పుడున్నది ప్రధానమంత్రి మాతృ వందన యోజన. మొదటి కాన్పుకి 5,000 రూపాయలు, రెండు విడతల్లో. గర్భం నమోదు చేయించుకుని ఒక్కసారైనా పరీక్ష చేయించుకుంటే 3,000, బిడ్డ పుట్టి జనన నమోదు, మూడున్నర నెలల దాకా వేసే టీకాలు అయ్యాక 2,000. రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే 6,000 ఒకేసారి. ప్రభుత్వ ఉద్యోగులకు, ఇలాంటి కాన్పు ప్రయోజనం చట్టప్రకారం వేరేగా అందేవాళ్లకు రాదు. తెల్లకార్డు ఉన్నా, ఏడాది ఆదాయం 8 లక్షల లోపు ఉన్నా అర్హత ఉంటుంది. కాబట్టి "మనకెక్కడొస్తుందిలే" అనుకునేవాళ్లలో, జీతంతో కాన్పు సెలవు లేని చిన్న ప్రైవేటు ఉద్యోగులు చాలామంది నిజానికి అర్హులే. బిడ్డ పుట్టిన 270 రోజుల లోపు దరఖాస్తు పడాలి. ఏఎన్‌ఎంని గానీ అంగన్‌వాడీ టీచర్‌ని గానీ అడిగితే పని మొదలుపెడతారు.

ఇక్కడ ఎక్కువగా ఇరుక్కునేది ఆధార్ దగ్గర. అమ్మాయి ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు, బ్యాంకు ఖాతాలో అత్తింటి ఇంటిపేరు. లేదా ఆధార్ లింకు ఎప్పుడో తెరిచి వదిలేసిన పాత ఖాతాకి ఉంటుంది. డబ్బులు అందులో పడతాయి, లేదంటే వెనక్కి పోతాయి. మూడో నెలలోనే బ్యాంకుకి వెళ్లి ఆధార్ ఏ ఖాతాకి లింకై ఉందో చూసుకుంటే తర్వాత టెన్షన్ ఉండదు.

ఈ డబ్బుని చిన్నచూపు చూడొద్దు. స్కానింగులకి, ఆటోలకి, ఆఖరి నెలల్లో కూలికి వెళ్లకపోతే ఇల్లు గడవడానికి అది అక్కరకొస్తుంది. కానీ దాన్ని చూసి ఎవరూ బిడ్డను కనరు. అంతకు ఎన్నో రెట్లు ఇచ్చిన దేశాల్లోనూ కనలేదు. సింగపూర్ 2023 ఫిబ్రవరి నుంచి మొదటి ఇద్దరికీ తలా 11 వేల సింగపూర్ డాలర్లు, మూడోవారి నుంచి 13 వేలు ఇస్తోంది. అక్కడ ఒక్కో స్త్రీకి పిల్లల సగటు 2023లోనూ 2024లోనూ 0.97 దగ్గరే ఉంది. దక్షిణ కొరియా మొదటి బిడ్డకు 20 లక్షల వాన్లు, రెండోవారి నుంచి 30 లక్షలు ఓచరుగా ఇస్తుంది. 2006 నుంచి జననాల కోసం ఆ దేశం దాదాపు 20 వేల కోట్ల డాలర్లు పోసింది. 2023లో సగటు 0.72, ప్రపంచంలోనే అట్టడుగు. 2024లో 0.75కి కాస్త లేచింది. కోవిడ్‌లో వాయిదా పడ్డ పెళ్లిళ్లు జరగడం దానికి ఒక పెద్ద కారణం.

ఆస్ట్రేలియాలో జరిగింది ఇంకా గమనించదగ్గది. 2004 జులై 1 నుంచి పుట్టే ప్రతి బిడ్డకూ 3,000 డాలర్లు అని ముందే ప్రకటించారు. జూన్ చివర్లో జరగాల్సిన కాన్పులు వెయ్యికి పైగా జులైకి వాయిదా పడ్డాయని తర్వాత ఆర్థికవేత్తలు లెక్కతేల్చారు. ముహూర్తం చూసి సిజేరియన్ పెట్టించుకునే మన ఊళ్లకు ఇది తేలిగ్గానే అర్థమవుతుంది. ఒక్కసారిచ్చే డబ్బు బిడ్డ ఎప్పుడు పుట్టాలో మార్చినంత తేలిగ్గా ఎంతమంది పుట్టాలో మార్చలేదు. 2014లో ఆ పథకం తీసేశారు. స్పెయిన్ 2007లో ఒక్కో బిడ్డకు 2,500 యూరోలు మొదలుపెట్టి, ఆర్థిక సంక్షోభం రాగానే 2010లో రద్దు ప్రకటించింది. పథకాన్ని నమ్ముకుని ముందుకెళ్లే ముందు ఈ సంగతి కూడా ఆలోచించుకోవాలి.

ఏటా వచ్చేది

రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం ఇందులో పెద్దది. ఒకటో తరగతి నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా చదివే ప్రతి పిల్లకూ పిల్లాడికీ ఏడాదికి 15,000. అందులో 2,000 బడి నిర్వహణకు పోగా తల్లి ఖాతాలో 13,000 పడుతుంది. ఇంట్లో ఎంతమంది చదువుతుంటే అంతమందికీ ఇస్తారు. 2025 జూన్‌లో మొదలైంది. పన్నెండేళ్లూ ఇదే పథకం ఇలాగే ఉంటుందనుకుంటే ఒక్కో బిడ్డకు 1,56,000 అవుతుంది. కాన్పు డబ్బుతో పోలిస్తే ఇది ఎన్నో రెట్లు ఎక్కువ. బడికి 75 శాతం హాజరుండాలి. ఆదాయపన్ను కట్టే ఇళ్లకు, నెలకు 300 యూనిట్లు దాటి కరెంటు వాడే ఇళ్లకు రాదు. పటమటలోనో లక్ష్మీపురంలోనో రెండు ఏసీలున్న ఫ్లాట్‌లో అద్దెకుంటున్నవాళ్లు దీన్ని లెక్కలో వేసుకోకపోవడమే మంచిది.

అయితే ఇది మొదలయ్యేది ఒకటో తరగతి నుంచి. కాన్పప్పుడు ఐదు వేలు, మళ్లీ డబ్బు కనిపించేది బిడ్డకు ఐదో ఏడో ఆరో ఏడో వచ్చాక. ఆ మధ్యకాలం ఖాళీ. తల్లి ఉద్యోగం పోయేది సరిగ్గా ఆ ఖాళీలోనే.

వేరే దేశాలు ఇక్కడ కాస్త నయం. జపాన్‌లో మూడేళ్ల లోపు బిడ్డకు నెలకు 15,000 యెన్లు, ఆ తర్వాత 10,000. మూడో బిడ్డ నుంచి 30,000. 2024 అక్టోబరు నుంచి ఆదాయ పరిమితి తీసేసి, పద్దెనిమిదేళ్ల వయసు దాకా పొడిగించారు. చైనా 2025 నుంచి మూడేళ్ల లోపు ప్రతి బిడ్డకూ ఏడాదికి 3,600 యువాన్లు ఇస్తోంది. పోలండ్ 2016 ఏప్రిల్‌లో నెలకు 500 జ్లాటీలు మొదలుపెట్టి 2024లో 800 చేసింది. పోలండ్‌లో 2015లో 1.29 ఉన్న సగటు 2017లో 1.45కి లేచి, 2024కి 1.1 దగ్గరికి పడిపోయింది. జననాలు పెరగలేదు గానీ పిల్లలున్న ఇళ్లలో పేదరికం బాగా తగ్గింది. నా వరకు అది చిన్న ఫలితం కాదు. కానీ రెండోవారిని కనాలా వద్దా అన్న మీ ప్రశ్నకు అది జవాబు చెప్పదు.

అప్పు, పన్ను రాయితీ

హంగరీ 2019లో కొత్త దంపతులకు కోటి ఫోరింట్లు అప్పు ఇవ్వడం మొదలుపెట్టింది. ఐదేళ్లలో బిడ్డ పుడితే వడ్డీ లేదు, రెండో బిడ్డకు 30 శాతం మాఫీ, మూడో బిడ్డకు మొత్తం మాఫీ. బిడ్డ పుట్టకపోతే వడ్డీతో కట్టాలి. అక్కడ సగటు 2011లో 1.23 ఉండి, 2021 నాటికి దాదాపు 1.6 అయ్యింది, మళ్లీ 2024కి 1.4 లోపుకి దిగింది. మన దగ్గర ఇలాంటిది లేదు, రాకూడదనే నా కోరిక. పిల్లలు కలగని కోడలు మన ఇళ్లలో ఇప్పటికే ఎన్ని మాటలు పడుతుందో తెలుసు. దాని మీద బ్యాంకు నోటీసు కూడా వస్తే ఆ పిల్ల ఏమైపోవాలి?

పన్ను రాయితీల సంగతి క్లుప్తంగా చెప్తాను. పాత పన్ను విధానంలో ఉంటే ఇద్దరు పిల్లల ట్యూషన్ ఫీజు చూపించుకోవచ్చు. కొత్త విధానంలో అదీ లేదు. ఎక్కువమంది జీతగాళ్లు కొత్త విధానంలోకి వెళ్లిపోయారు కాబట్టి దీని మీద ఆశ పెట్టుకోనవసరం లేదు.

జీతంతో సెలవు

నన్నడిగితే మన దగ్గర ఉన్న సాయాల్లో అన్నిటికన్నా విలువైనది ఇదే. వాడుకునేవాళ్లు మాత్రం తక్కువ. పదిమంది, అంతకు మించి పనిచేసే సంస్థలో, కాన్పుకి ముందు పన్నెండు నెలల్లో 80 రోజులైనా పనిచేసి ఉంటే మొదటి రెండు కాన్పులకూ 26 వారాలు పూర్తి జీతంతో సెలవు. 2017 సవరణతో వచ్చిన ఈ హక్కు ఇప్పుడు సామాజిక భద్రతా కోడ్‌లో ఉంది. నెలకు 18 వేల జీతానికి ఇది లక్షా ఎనిమిది వేలు. ఆ కాలంలో ఉద్యోగంలోంచి తీసేయడానికి వీల్లేదు.

చిక్కంతా ఆ జీతం ఎవరు ఇవ్వాలన్న దగ్గర ఉంది. మామూలుగా అయితే మొత్తం యజమానే ఇవ్వాలి, ప్రభుత్వం ఒక్క రూపాయి పంచుకోదు. అందుకే చిన్న సంస్థల ఇంటర్వ్యూల్లో "పెళ్లయిందా అమ్మా? పిల్లల సంగతి ఎప్పుడు?" అని అడుగుతారు. నేను లెక్కలు చూసే ఒకచోట అలా అడగడం చెవులారా విన్నాను. ఆ రోజు ఆ అమ్మాయి వైపు చూడలేకపోయాను.

ఈఎస్‌ఐ ఉంటే ఈ చిక్కు ఉండదు. నెల జీతం 21,000 లోపు ఉన్నవాళ్ల జీతంలోంచి 0.75 శాతం, యజమాని నుంచి 3.25 శాతం కడతారు. కాన్పు వస్తే 26 వారాల జీతం ఈఎస్‌ఐ సంస్థే నేరుగా అమ్మాయి ఖాతాలో వేస్తుంది. యజమాని జేబులోంచి ఏమీ పోదు కాబట్టి గొణగడానికి కారణం ఉండదు. వైద్యం కూడా అందులోనే. విజయవాడవాళ్లకి గుణదలలో ఈఎస్‌ఐ ఆసుపత్రి ఉంది.

కాబట్టి పెళ్లైన కొత్తలో ఉద్యోగం మారే అమ్మాయిలకు ఒక మాట. ఒకచోట 20,500 జీతం ఈఎస్‌ఐతో, ఇంకోచోట ఏడెనిమిది మంది పనిచేసే ఆఫీసులో 22,000 ఏమీ లేకుండా అంటే, రెండేళ్లలో బిడ్డను అనుకుంటున్నవాళ్లు మొదటిదే తీసుకోండి. పదిహేను వందల తేడా రెండేళ్లకు 36 వేలు. ఈఎస్‌ఐ ఇచ్చే ఆర్నెల్ల జీతం లక్షా ఇరవై వేల పైన. అయితే చేరిన వెంటనే రాదు. మొదటిసారి ఈఎస్‌ఐలో చేరినవాళ్లకు తొమ్మిది నెలలు దాటాకే ప్రయోజనం మొదలవుతుంది, కనీసం 70 రోజుల చందా పడి ఉండాలి. గర్భం వచ్చాక చేరితే చాలావరకు అందదు. ఇంకో సంగతి, భర్తకు ఈఎస్‌ఐ ఉంటే భార్యకు వైద్యం దొరుకుతుంది గానీ సెలవు జీతం రాదు. ఈ రెండింటినీ ఒకటిగా అనుకుని తన పేరు ఈఎస్‌ఐలో చేర్చొద్దన్న అమ్మాయి నాకు తెలుసు. చేతికొచ్చే జీతంలో నూటయాభై తగ్గుతుందని.

రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగినులకు 180 రోజుల సెలవు ఉంది. ఇద్దరు పిల్లల వరకే అన్న పరిమితిని 2025లో తీసేశారు. అన్నిటికన్నా పైన ఉన్నది సిక్కిం. అక్కడ ప్రభుత్వ ఉద్యోగినికి ఏడాది సెలవు, తండ్రికి నెల రోజులు. సర్వే ప్రకారం ఆ రాష్ట్ర సగటు 1.1, దేశంలోనే తక్కువ కాబట్టి వాళ్ల తొందర వాళ్లది. తండ్రికి సెలవన్న మాట మన ప్రైవేటు రంగంలో చట్టప్రకారం ఎక్కడా లేదు. స్వీడన్‌లో తల్లిదండ్రులిద్దరికీ కలిపి 480 రోజులు, అందులో తలా 90 రోజులు ఒకరివి ఇంకొకరు వాడుకోవడానికి లేదు. తండ్రి తీసుకోకపోతే ఆ రోజులు పోతాయి. స్వీడన్‌లో కూడా 2024లో సగటు 1.43కి పడిపోయిందన్నది నిజమే. జననాలు పెంచే మంత్రం ఏ దేశం దగ్గరా లేదు. కానీ అక్కడ బిడ్డను కన్న అమ్మాయి ఉద్యోగం పోగొట్టుకోవాల్సిన పనిలేదు.

పగటిపూట బిడ్డను చూసుకునే చోటు

ఆర్నెల్ల సెలవు అయిపోయింది. ఇప్పుడెలా? నానమ్మో అమ్మమ్మో ఉంటే సరే. గుంటూరులో, విజయవాడలో కొత్తగా కాపురం పెట్టే చాలామందికి ఆ పెద్దవాళ్లు పొన్నూరులోనో నూజివీడులోనో ఉంటారు, లేదంటే వాళ్లే ఎవరో ఒకరు చూసుకోవాల్సిన స్థితిలో ఉంటారు. ప్లేస్కూళ్లు చాలావరకు మధ్యాహ్నానికే పంపేస్తాయి. అంగన్‌వాడీకి మూడేళ్లు నిండాక పంపొచ్చు గానీ అది సాయంత్రం షాపు మూసేదాకా తెరిచి ఉండదు. విజయవాడ వస్త్రలత బట్టల మార్కెట్‌లో చీరలు మడతపెట్టే అమ్మాయి ఇంటికి చేరేసరికి రాత్రి తొమ్మిదవుతుంది.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల వైపు వెళ్లి చూడండి. రేకుల షెడ్ల కింద ఆడవాళ్లు వరసగా కూర్చుని మిరపకాయల ముచ్చికలు తీస్తుంటారు. కిలోల లెక్కన కూలి. చెంగు ముక్కు మీదికి బిగించి కట్టుకుంటారు, అయినా దగ్గు ఆగదు. చంటిపిల్లలున్నవాళ్లు షెడ్డుకి దూరంగా వేపచెట్టుకి పాతచీర ఉయ్యాల కట్టి, ఏ ఎనిమిదేళ్ల పిల్లనో కాపలా పెట్టి వస్తారు. పాలివ్వడానికి లేచేముందు చేతులకు సబ్బు రుద్ది, మళ్లీ రుద్ది, మోచేతుల దాకా కడుక్కుంటారు. ఆ మంట బిడ్డకు అంటకూడదని. లేచిన ప్రతిసారీ కిలోలు తగ్గుతాయి, కూలి తగ్గుతుంది. వీళ్లకు 26 వారాల సెలవు అందదు, ఈఎస్‌ఐ లేదు. కాన్పు డబ్బు ఐదు వేలు వచ్చి ఎప్పుడో ఖర్చయిపోయింది. ఆ షెడ్డు పక్కన ఒక గది, ఒక ఆయా, పాలు, పడుకోబెట్టడానికి చోటు ఉంటే ఆ ఎనిమిదేళ్ల పిల్ల బడికి వెళ్తుంది, తల్లి కూలి నిలుస్తుంది.

ఇది కొత్త ఆలోచనేం కాదు. 50 మంది, అంతకు మించి పనిచేసేచోట శిశు సంరక్షణ గది (క్రెష్) ఉండాలని చట్టంలోనే ఉంది. ఆరు నెలల నుంచి ఆరేళ్ల లోపు పిల్లల కోసం అంగన్‌వాడీలకు జోడించి క్రెష్‌లు నడపడానికి పాల్నా అనే కేంద్ర పథకమూ ఉంది. మీ వార్డులో ఉందో లేదో అంగన్‌వాడీ టీచర్‌ని అడగండి. లేకపోతే సచివాలయంలో కాగితం రాసివ్వండి. పదిమంది తల్లులు సంతకం పెట్టిన కాగితానికి ఒక్కరు అడిగినదానికన్నా బరువుంటుంది.

ఈ విషయంలో కెనడాలోని క్విబెక్ రాష్ట్రం చేసినది మనకు పనికొచ్చే పాఠం. 1988 నుంచి అక్కడ కాన్పు డబ్బు ఇచ్చేవారు, మూడో బిడ్డకు 8,000 డాలర్ల దాకా వెళ్లింది. 1997లో అది ఆపేసి, ఆ డబ్బును పిల్లల సంరక్షణ కేంద్రాల మీద పెట్టారు. రోజుకు ఐదు డాలర్లకే బిడ్డను చూసుకునే ఏర్పాటు. చిన్నపిల్లల తల్లుల్లో ఉద్యోగం చేసేవాళ్ల శాతం అక్కడ బాగా పెరిగింది. 2006లో జీతంతో సెలవును కూడా పెంచారు. 2000 ప్రాంతంలో 1.45 దగ్గరున్న సగటు 2008-09 నాటికి 1.7 దాటింది. తర్వాత మళ్లీ తగ్గిందనుకోండి. కానీ ఆ తల్లుల ఉద్యోగాలు వెనక్కి పోలేదు.

మూడో బిడ్డ అయితే

ముగ్గురు కావాలన్న పిలుపు వినిపిస్తున్నా చాలా నిబంధనలు ఇంకా ఇద్దరి దగ్గరే ఆగి ఉన్నాయి. ప్రైవేటు ఉద్యోగంలో మూడో కాన్పుకి సెలవు 26 వారాలు ఉండదు, 12 వారాలే. ఈఎస్‌ఐలోనూ అంతే. మాతృ వందన మూడో కాన్పుకి రాదు. సుకన్య సమృద్ధి ఖాతా మామూలుగా ఇద్దరు ఆడపిల్లల వరకే. పైన చెప్పిన ట్యూషన్ ఫీజు రాయితీ ఇద్దరికే. పూర్తిగా లెక్కలోకి వచ్చేది తల్లికి వందనం ఒక్కటే, ప్రభుత్వోద్యోగి అయితే సెలవు ఒక్కటే.

డబ్బు కన్నా ముందు చూడాల్సింది ఒంటి సంగతి. మన రాష్ట్రంలో 15-49 ఏళ్ల వివాహితల్లో దాదాపు 70 శాతం మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే, దేశంలోనే ఎక్కువ. చాలామందికి ఇరవైల్లోనే, రెండో కాన్పుతో పాటే అయిపోయింది. వాళ్లకు మూడో బిడ్డంటే ట్యూబులు మళ్లీ కలిపించుకునే ఇంకో ఆపరేషన్. అది చేయించుకున్నా గర్భం వస్తుందన్న హామీ లేదు. ఇక సిజేరియన్లు. 2019-21 సర్వేలో మన రాష్ట్రంలో కాన్పుల్లో 42 శాతం సిజేరియన్లు. రెండుసార్లు కోతపడ్డ గర్భాశయానికి మూడో గర్భం మామూలు విషయం కాదు. మాయ పాత కుట్టుకి అతుక్కుపోవచ్చు, విపరీతంగా రక్తం పోవచ్చు. అత్తగారో ఆడపడుచో "ముగ్గురుంటే డబ్బులొస్తాయంట" అన్నప్పుడు, పాత కాన్పు కాగితాలు తీసుకుని సూర్యారావుపేటలోనో కొత్తపేటలోనో మీ డాక్టరమ్మ దగ్గరికి మీ ఆయన్ని కూడా తీసుకెళ్లండి. ఆవిడ చెప్పేది ఆయన కూడా వినాలి. ఆవిడ వద్దంటే ఎంత డబ్బిచ్చినా వద్దనే అర్థం.

ఎవరు దేన్ని నమ్ముకోవచ్చు

కూలి పనికి వెళ్లే ఇళ్లకు మాతృ వందన, తల్లికి వందనం రెండూ వదులుకోకూడనివి. కాన్పు ప్రభుత్వాసుపత్రిలో అయితే ఖర్చు చాలావరకు తప్పుతుంది, జనని సురక్ష కింద కొంత డబ్బు కూడా వస్తుంది, తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ ఇంటిదాకా దింపుతుంది. అడగాల్సింది మాత్రం క్రెష్.

షాపుల్లో, స్కూళ్లలో, నర్సింగ్ హోముల్లో 21 వేల లోపు జీతానికి పనిచేసే అమ్మాయిలు ఈఎస్‌ఐని పట్టుకోండి. కార్డు ఉందా, చందా నెలనెలా పడుతోందా అని ఈఎస్‌ఐ పోర్టల్‌లో మీరే చూసుకోండి. జీతంలో కోత పెట్టి అక్కడ కట్టనివాళ్లు ఉంటారు.

అంతకు మించిన జీతం ఉన్నవాళ్లకి ప్రభుత్వం నుంచి డబ్బు పెద్దగా రాదు. మీ అసలు సాయం మీ సంస్థ సెలవు, సెలవు తర్వాత ఇంటినుంచి పనిచేసే వెసులుబాటు, క్రెష్. అపాయింట్‌మెంట్ లెటర్ తీసి చదవండి. సంస్థ నుంచి సెలవు జీతం రాక, ఇంటి ఆదాయం 8 లక్షల లోపు ఉంటే మాతృ వందన ఐదు వేలు కూడా వదలొద్దు.

ఒక బిడ్డ ఉండి, రెండోవారి కోసం "కొత్త పథకం ప్రకటిస్తారంట, అప్పుడు చూద్దాం" అని ఆగుతున్నవాళ్లు కూడా నాకు కనిపిస్తున్నారు. ముప్పై దాటని వాళ్లు ఇంకో ఏడాది ఆగినా ఫర్వాలేదేమో. ముప్పై నాలుగు, ముప్పై అయిదు వచ్చినవాళ్లు ఆగకండి. ముప్పై అయిదు దాటాక గర్భం నిలిచే అవకాశం తొందరగా తగ్గుతుంది. ఆ తర్వాత ఐవీఎఫ్ అంటే లక్షల్లో ఖర్చు. జపాన్ 2022 ఏప్రిల్ నుంచి 43 ఏళ్ల లోపు స్త్రీలకు దాన్ని ఆరోగ్య బీమాలోకి తెచ్చింది. మన దగ్గర ఆ బిల్లు చాలావరకు ఇంటివాళ్లే కట్టుకోవాలి. రెండో బిడ్డ కావాలని మీ ఇద్దరికీ ఉంటే ఈ నెలలోనే డాక్టరమ్మని కలవండి. పథకం వచ్చినప్పుడు ఏఎన్‌ఎం ఎలాగూ కబురు చేస్తుంది.